మూలమట్టం

ఫిబ్రవరి 9

అక్కా,

చేరాను. గది దొరికింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి వెనకగోడ, దాని మీద వరసగా ఏసీ డబ్బాలు. ఇంటామె మంచిదే కానీ నేను మెట్లెక్కిన ప్రతిసారీ తలుపు తీసి "మెల్లిగా, మెల్లిగా" అంటుంది. ఇంతకన్నా మెల్లిగా ఎక్కితే కిందికి దిగుతున్నట్టు ఉంటుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మనింట్లో ఫోన్ సంగతి నీకు తెలియనిదా? మోగగానే అత్తగారు స్పీకర్ పెడతారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. పక్కింటావిడ గోడ మీంచి ఒక సలహా పడేస్తుంది. "బాగున్నాను" అని పెట్టేయడం తప్ప నాకింకో మాట రాదు. నీ మరిది, అదే మా ఆయన, ఆదివారం ఆదివారం వస్తాడు కనుక ఇకనుంచి మన పోస్టుమాన్ అతనే.

డాక్టరమ్మ మళ్ళీ బొమ్మ గీసి చెప్పింది. బిడ్డ గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద నాళాలు ఒకదాని చోట ఒకటి మొలిచాయి. ఒంటికి వెళ్ళాల్సింది ఊపిరితిత్తులకు, ఊపిరితిత్తులకు వెళ్ళాల్సింది ఒంటికి. కడుపులో ఉన్నంతకాలం ఊపిరి అందించేది మావి కనుక గండం లేదు. పుట్టిన కొద్ది రోజులకే గుండె తెరిచి ఆ రెండింటినీ మార్చి కుడతారు. చాలామంది పిల్లలు బాగా కోలుకుంటారట. ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

ఇంకో సంగతి. ఇక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. గుండె బాగుచేశాక కూడా ఇలాంటి పిల్లల్లో కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువు తడబడుతుంది. కడుపులో ఉన్నప్పుడే మెదడు కాస్త మెల్లగా ఎదుగుతోందేమో, మావి సరిగా ప్రాణవాయువు అందించకపోవడం కూడా కారణమేమో అని వీళ్ళ అనుమానం. అందుకని తల్లిని ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి మావికీ, బిడ్డ మెదడుకూ బొమ్మలు తీస్తారు. ఎక్స్‌రే కాదు, పెద్ద అయస్కాంతం. నేను ఒప్పుకున్నాను.

ఎందుకంటే నాకు ఒకటే భయం అక్కా. గుండె వాళ్ళు కుట్టేస్తారు. కానీ నా బిడ్డ నన్ను గుర్తుపడుతుందా? నాతో కబుర్లు చెబుతుందా? ఈ మాట అత్తగారి స్పీకర్‌లో అనలేను.

నీ ఒంట్లో ఎలా ఉంది? నాకన్నా రెండు వారాలు వెనక కదా నువ్వు. ఇన్నేళ్ళకు నీ కడుపు పండింది, ఫ్రేముల కొట్లో బరువులు ఎత్తకు.

నీ చెల్లి


ఫిబ్రవరి 18

చిన్నదానికి,

నీ ఉత్తరం మీ ఆయన సంచీలో పళ్ళ కింద నలిగి నలిగి అందింది. విప్పితే సగం అక్షరాలు జామపండు వాసన.

గొట్టంలో పడుకుంటానన్నావా? అదీ అయస్కాంతంలోనా? నీకేమన్నా మతి పోయిందా? జబ్బు గుండెకైతే గుండెను చూడాలి, మావితోనూ తలతోనూ ఏం పని? ఫ్రేము పగిలిందని ఎవరైనా తెస్తే నేను వెళ్ళి వాళ్ళ ఇంటి గోడ కొలుస్తానా? నీ కడుపేమీ బడిపిల్లల ప్రయోగశాల కాదు. కుదరదని చెప్పేసెయ్. అత్తగారి మాట కూడా ఇదే. ఆవిడ మాట నేను చెబుతున్నాననుకోకు, నా మాటే ఆవిడ చెబుతోంది.

ఇక్కడి సంగతులు. మీ బావగారు నా మూలమట్టాన్ని ఎవరో వడ్రంగికి ఎరువిచ్చారు. అడిగితే "ఇనుప ముక్కేగా" అంటారు. ఆ ఇనుప ముక్క లేకపోతే నా కొట్లో ఏ మూల సరో ఏ మూల వంకరో ఎలా తెలుస్తుంది? ఫ్రేము బల్ల మీద ఉన్నంతసేపూ అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. గోడకు తగిలించాకే వంకర బయటపడుతుంది, అప్పుడు జనం నా మొహాన కొడతారు. దాన్ని తెచ్చి ఇచ్చేదాకా నేను మీ బావగారితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ఎంత హాయిగా ఉందో.

వేళ్ళు వాచాయి. అత్తగారు నాకు పెట్టిన ఉంగరం ఇటు కదలదు, అటు కదలదు. నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజునుంచీ దాని మీద కన్నేశావని నాకు తెలుసు. ఆశ వదులుకో. ఈ ఉంగరం ఊడితే నా వేలితోనే ఊడుతుంది.

వేళకు తిను. అద్దె గదిలో కిటికీ తలుపులు గట్టిగా ఉన్నాయా? చలిగాలి మంచిది కాదు.

ఇట్లు,
ఈ ఇంటి పెద్దకోడలు


మార్చి 12

అక్కా,

నీ మాట వినలేదు. తిట్లు తర్వాత, ముందు చదువు.

ఒంటి మీద ఇనుము, బంగారం అనేది లేకుండా తీయించారు. పిన్నుల దగ్గరనుంచి గాజులదాకా అన్నీ ఒక డబ్బాలో. హుక్కులు లేని నూలు గౌను ఇచ్చారు. చెవుల్లో బిరడాలు, వాటి మీద పెద్ద మూతలు. ఎడమ పక్కకు పడుకోబెట్టి వీపు కిందా మోకాళ్ళ మధ్యా దిండ్లు సర్దారు. భయమేస్తే నొక్కమని చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు. ఆ గది చూసుకునే ఆవిడ అద్దం అవతలినుంచి మైకులో "కదలకమ్మా, కదలకమ్మా" అంటూనే ఉంటుంది. నేను ఆవిడకు కదలకమ్మ అనే పేరు పెట్టేశాను. ఆవిడకూ చెప్పాను, నవ్వింది.

చప్పుడు మాత్రం, నువ్వు కోపంలో మేకులు కొట్టినప్పుడు వచ్చేదే. నేను కదల్లేదు, లోపలున్నది వింటేగా! మోత మొదలవగానే తన్నులు. బొమ్మలు మసకబారిపోయాయి. నిద్రపోయేదాకా ఆగి మళ్ళీ తీశారు. ఈ మొండితనం మన ఇంటిదే అని నాకు లోపల్లోపల సంతోషం.

తర్వాత మాస్కు పెట్టి ప్రాణవాయువు ఇచ్చారు. నేను పీల్చింది మావిలోకి చేరుతూ ఉంటే అక్కడక్కడా తెల్లబడడం డాక్టరమ్మ తెర మీద చూపించింది. కొన్ని చోట్ల గబగబా, కొన్ని చోట్ల మెల్లగా. నా మావి కొంచెం చిన్నదట, కొంచెం బద్ధకమట. అయినా నా ఊపిరి బిడ్డ వైపు వెళ్ళడం కళ్ళారా చూశాను. ఎంత కృతజ్ఞత కలిగిందో చెప్పలేను. ఎవరి మీదా అంటే, ఆ తెర మీద, ఆ మావి మీద, కదలకమ్మ మీద, అందరి మీదా.

"మరి మెదడు?" అని అడిగాను. కాస్త చిన్నదనిపిస్తోందట. ఎంత చిన్నదో గట్టిగా చెప్పాలంటే ఏ జబ్బూ లేని బిడ్డల బొమ్మలు పక్కన పెట్టి పోల్చాలట, అవే తక్కువగా ఉన్నాయట. ఎవరు వస్తారు అక్కా? ఒంట్లో బాగున్న తల్లి ఎవరు తన పని మానుకుని ఆ మోతలో పడుకుంటుంది? నీ మూలమట్టం గుర్తొచ్చింది. ఇక్కడ వంకర మూలలం మాత్రం బోలెడంతమందిమి వస్తున్నాం. మూలమట్టాలే దొరకడం లేదు.

అయినా కొందరు వచ్చారట. వాళ్ళెవరో నాకు తెలియదు, తెలియనివ్వరు కూడా. ఎప్పుడైనా ఎదురైతే మాత్రం వాళ్ళ చేతులు పట్టుకుని ఊరికే నిలబడతాను.

నీ చెల్లి


మార్చి 24

చిన్నదానికి,

చెప్పినా వినలేదు. సరే, నీ ఇష్టం. నేను తిట్టడం మానేశాను, అలిసిపోయి.

మూలమట్టాలు దొరకడం లేదని వాపోయావు. ఒంట్లో బాగున్నవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు వస్తారే? వాళ్ళకు పనీపాటా లేకనా?

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఆ గొట్టంలో కళ్ళు మూసుకోవచ్చా? తుమ్ము వస్తే ఎలా? తల కూడా లోపలికి పోతుందా? మధ్యలో బాత్రూమ్‌కు వెళ్ళాలంటే ఆపుతారా? ఎడమ పక్కకన్నావు కదా, నాలాంటిదానికి ఎడమ తుంటి నొప్పి ఉంటే ఏం చేస్తారు? ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది? అత్తగారికి చెప్పాలి కదా, ఆవిడ అడుగుతూ ఉంటుంది.

నిన్న ఒకాయన పెళ్ళినాటి ఫోటో తెచ్చి, తను ఉన్న వైపు వెడల్పుగా, భార్య ఉన్న వైపు సన్నగా ఫ్రేము కట్టమన్నాడు. ఫ్రేము నాలుగు వైపులా ఒకటే ఉంటుంది నాయనా అన్నాను. ఒప్పుకోలేదు. చివరికి భార్యను తీసుకురమ్మన్నాను. ఆమె వచ్చాక నాలుగు వైపులా ఒకటే అయింది.

రంపానికి పదును పెట్టించాలి, ఉంటాను.

పెద్దకోడలు


ఏప్రిల్ 9

అక్కా,

నీ మరిది ఆదివారం నోరు జారాడు. "వదిన గాజు పలకల కోసం వచ్చింది కదా, నిన్ను చూసి వెళ్ళిందనుకున్నానే" అన్నాడు. గాజు బజారు నా గదికి రెండు సందుల అవతల. నువ్వు వచ్చావు, గాజు కొన్నావు, రైలెక్కావు.

సరే, తొందరలో ఉందేమో అనుకున్నాను. మొన్న ఫోన్లో అత్తగారు "పెద్దదానికి అక్కడేదో స్కాన్ రాశారు, వెళ్ళొచ్చింది" అన్నారు. గాజా, స్కానా? స్కానే అయితే నీ బిడ్డ బాగుందా? ఏదైనా ఉంటే నాకు కాక ఎవరికి చెప్తావు? రెండు రోజులు నిద్ర లేదు నాకు. తర్వాత అత్తగారే "అంతా బాగుందట" అన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. నీ ఉత్తరాల్లో నీ బిడ్డ ఊసే ఉండడం లేదు. రంపం ఉంటుంది, వడ్రంగి ఉంటాడు, ఎవరివో పెళ్ళి ఫోటోలు ఉంటాయి. నీ బిడ్డ మాత్రం ఉండదు. నా చూపు పడితే దానికేమైనా అవుతుందని భయమా? అలా అనుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను. అనుకున్నది నీకు చెప్పకుండా దాచలేను.

చెల్లి


ఏప్రిల్ 18

చిన్నదానికి,

గాజు కోసమే వచ్చాను. స్కాన్ అని చెప్పకపోతే అత్తగారు గడప దాటనివ్వరు. రైలు వేళకు స్టేషన్‌కు పరిగెత్తాల్సి వచ్చింది.

నీ ఉత్తరంలో చివరి మాటలు చదివి కంచం ముందునుంచి లేచిపోయాను. నేను అలాంటిదాన్నా? నాకు తిట్టడం వచ్చినంత బాగా సర్దిచెప్పడం రాదు. నన్ను తప్పుగా అనుకోకు, అంతే.

మీ ఆయన చేత ఒక ఫ్రేము పంపుతున్నాను. టేకు పట్టీ, మూలలు నేనే కోశాను, వెంట్రుక కూడా దూరదు చూసుకో. దాచిపెట్టుకో.

పెద్దకోడలు


మే 21

పెద్దకోడలు గారికి నమస్కారాలు.

మీరు పంపిన ఖాళీ ఫ్రేము అందింది. ఈ రోజుల్లో ఖాళీ ఫ్రేమును గోడకు తగిలించుకుని నన్నేం చూడమంటారో అర్థం కాక మంచం కింద పెట్టాను.

రెండో ఎమ్మారై అయింది. మీకు తెలపడం ధర్మం కనుక తెలుపుతున్నాను. బిడ్డ మెదడు మిగతా బిడ్డలకన్నా కాస్త వెనకే ఉంది. అయితే తన దారిలో తను ఎదుగుతోంది, మెదడు మీద రావాల్సిన మడతలు వేళకు వస్తున్నాయి. డాక్టరమ్మ ఇప్పుడు ఈ మాట ఇంత ధీమాగా అనగలిగిందంటే, పోల్చుకోవడానికి ఇంకొందరు తల్లులు వచ్చారు కనుకనే. నా బిడ్డ తల బొమ్మ ఒకటి కాగితం మీద తీసి ఇచ్చారు. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. ఆ తల్లులను రోజూ తలుచుకుంటున్నాను. సొంతవాళ్ళకన్నా ముక్కూమొహం తెలియని వాళ్ళే నయం.

మంగళవారం ఆసుపత్రి గేటు దగ్గర ఒక ఆకుపచ్చ గొడుగు చూశాను. దాని మీద నల్లగుడ్డ అతుకు నేను వేసిందే. "అక్కా" అని గట్టిగా పిలిచాను. గొడుగు వెనక్కి తిరగలేదు, ఇంకాస్త కిందికి వంగింది. ఈసారి కూడా గాజు కోసమేనేమో. మీ కొట్లో గాజు బాగా పగులుతున్నట్టుంది.

మీ మరిది ద్వారా జవాబు పంపనక్కర్లేదు. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
చిన్నకోడలు


జూన్ 2

అక్కా, అక్కా, అక్కా,

నవ్వుతూ ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మూలమట్టం పెట్టి చూసుకో.

ఈ రోజు పరీక్షకు వెళ్ళి, టీ తాగుతూ బయట బెంచీ మీద కూర్చున్నాను. కదలకమ్మ వచ్చి పక్కన కూలబడింది. నా మెట్టెలు బిగుసుకుపోయాయని చెప్తే ఆవిడకు నవ్వొచ్చింది. "పేర్లు అడక్కమ్మా, చెప్పకూడదు. ఒకావిడ ఉంది, ఏ జబ్బూ లేదు, ఊరికే మీలాంటి వాళ్ళకోసం వచ్చింది. వేలికి ఉంగరం. సబ్బు రాశాం, నూనె రాశాం, ఊడదే! వేలు వాచిపోయి ఉంది, అలా లోపలికి పంపితే వేడెక్కుతుందేమోనని భయం. ఆవిడకేం అవసరమైన పరీక్ష కాదు కదా, వెళ్ళిపోండమ్మా అన్నాం. మా మీద ఇంతెత్తున లేచింది. కోసెయ్యండి అంది! వాళ్ళాయన వద్దు వద్దంటున్నాడు. ఆవిడ మాత్రం చెయ్యి చాపి అటు తిరిగి కూర్చుంది" అంది.

నా చేతిలో టీ అలాగే ఉంది. అయినా లోకంలో బిగుసుకుపోయిన ఉంగరాలు బోలెడు కదా అనుకున్నాను. ఇంతలో ఆవిడే మళ్ళీ అంది: "ఇంకా విను. బల్ల మీద పడుకోబోతూ, మీ బల్ల ఎడమకు వాలి ఉంది, మూలమట్టం ఉందా అని అడిగింది. కొలిచి చూపించాం. సరిగ్గానే ఉంది. అయినా ఒప్పుకోలేదు."

నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియదు. కదలకమ్మ కంగారుపడి నర్సును పిలిచింది. ఏమైందని అడిగితే ఏమని చెప్పను? ఆ తల్లి చేతులు పట్టుకుని నిలబడతానని రాశాను నీకు. నీకే రాశాను. ఆ వేలి మీద గాటు పడి ఉంటుంది, నొప్పిగా ఉందా?

ముక్కూమొహం తెలియని వాళ్ళే నయం అని రాసిన ఉత్తరం చింపి పొయ్యిలో పడెయ్. ఇప్పుడే, నిలుచున్నపళాన.

నీ చెల్లి


జూన్ 6

చెల్లీ,

దొరికిపోయాను. ఆ కదలకమ్మ నోట్లో నువ్వుగింజ నానదని నాకు అప్పుడే అనుమానం. బల్ల మాత్రం వాలే ఉంది, ఎవరేం చెప్పినా సరే.

మార్చిలో నీ ఉత్తరం చదివాక నాకు పని సాగలేదు. మూల కోసి మూలమట్టం పెట్టిన ప్రతిసారీ నీ మాటే. ఇక్కడ నా పొట్టలో ఒకటి ఊరికే కూర్చుని ఉంది కదా అనిపించింది. మీ బావగారితో అంటే "ఇన్నేళ్ళకు..." అని నసిగారు. నేను ఆయన వైపు అలా చూశాను. సాయంత్రానికి రైలు టిక్కెట్లు తెచ్చారు. నిన్ను వద్దన్నదాన్ని నేనే వెళ్ళి పడుకుంటున్నానని చెప్పడానికి కాస్త నామోషీ కూడా.

మీ కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగారు. నీ సంగతి చెప్పాను. ముందు నేను పనికిరానన్నారు. తర్వాత డాక్టరమ్మ ఎవరినో కనుక్కుని, నా బిడ్డ గుండెను శ్రద్ధగా చూశాకే చేర్చుకుంటానంది. అది చూస్తున్నంతసేపూ దేవుళ్ళకు మొక్కుతూనే ఉన్నాను. అన్నదమ్ముల రక్తం కదా. "అంతా శుభ్రంగా ఉంది" అన్నారు. సంతోషంతో ఏడ్చేశాను చెల్లీ. ఏడ్చాక, ఆ సంతోషాన్ని నీ బిడ్డ దగ్గరనుంచి దొంగిలించానేమో అనిపించింది. ఆ మొహం పెట్టుకుని నీ మెట్లు ఎలా ఎక్కను? నిండు కడుపుతో నీ ఎదుట నిలబడి, మాది బాగుందటే అని ఎలా చెప్పను? అందుకే ఉత్తరాల్లో రంపం గురించి రాశాను. నువ్వు పిలవడం విన్నాను. గొడుగు కింద నిలబడిపోయాను.

ఖాళీ ఫ్రేము పంపింది బిడ్డ మొదటి ఫోటో పెట్టుకుంటావని. ఆ మాట రాయాలని నాకు తట్టలేదు. రాయకపోతే ఎలా ఉంటుందో నీ ఉత్తరం చూశాక తెలిసింది.

ఉంగరం సంగతి. నువ్వు గొడుగు చూసిన మంగళవారమే అది. అవసరం లేని పరీక్ష అన్నారు. నాకు అదే మండింది. అవసరం లేకపోవడమేమిటి? ఆ గొట్టానికి అవతలి చివర నువ్వు ఉన్నావు. చిన్న చక్రంలాంటి కత్తెర, అటూ ఇటూ తిప్పారు, రెండు ముక్కలైంది. నొప్పి లేదు. అత్తగారికి ఇంకా తెలియదు, వేలు బెణికిందని గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాను.

ముక్కూమొహం తెలియని వాళ్ళే నయం అన్నావు చూడు, ఆ ఉత్తరం చింపను. ఇన్నేళ్ళలో నాకు అంతకన్నా తియ్యటి తిట్టు ఎవరూ తిట్టలేదు.

ఇక నీ రోజులు దగ్గరపడ్డాయి. ధైర్యంగా ఉండు. భయమేస్తే ఆ రబ్బరు బంతి చేతిలో ఉందనుకుని నొక్కు, నాకు తెలుస్తుంది.

అక్క


జూన్ 22

అక్కా,

పాప. ఫోన్లో విన్నావు కానీ నా చేత్తో రాయాలి కదా.

పుట్టగానే నీలంగా ఉంది. ఒక్కసారి మొహం చూపించి తీసుకెళ్ళిపోయారు. నర్సుతో, మావిని చూపించమన్నాను. వింతగా చూసింది కానీ పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఎర్రగా, ఒక వైపు కాస్త పాలిపోయి ఉంది. చిన్నదే, పాపం. బద్ధకమని అన్నారు కానీ ఇన్నాళ్ళూ నా బిడ్డ ఊపిరి అదే, చేతనైనంతా చేసింది. వేళ్ళతో తాకి దండం పెట్టుకున్నాను. తర్వాత పరిశోధన వాళ్ళు పరీక్షకు తీసుకెళ్ళారు.

ఆపరేషన్ రోజు నీ మరిది వరండాలో గోడకున్న సూచనలన్నీ చదివేసి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. సర్జన్ బయటికి వచ్చి ముందు మంచినీళ్ళు తాగాడు. ఆయన గుక్కలు మింగుతూ ఉంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. గ్లాసు దించి, "మార్చి కుట్టేశాం, బాగా కొట్టుకుంటోంది" అన్నాడు. ఇప్పుడు గులాబీ రంగుకు వచ్చింది. ట్యూబులు ఒక్కొక్కటే తీస్తున్నారు.

మెదడు సంగతి ఇప్పుడే ఎవరూ చెప్పలేరట. నడిచేదాకా, మాట్లాడేదాకా పిలిచి చూస్తూ ఉంటారు. తడబడితే ముందే తెలుస్తుంది, ముందే సాయం చేస్తామని డాక్టరమ్మ మాట ఇచ్చింది. నాకు అది చాలు. నిన్న నర్సుతో ఏదో మాట్లాడుతూ ఉంటే, కళ్ళు మూసుకుని పడుకున్న పాప నా గొంతు వైపు తల తిప్పింది. నేను మాట ఆపాను. కళ్ళు తెరిచి వెతికింది. నన్నే అక్కా. నన్నే వెతికింది.

ఒక తప్పు చేశాను. ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు మామూలుగానే స్పీకర్ పెట్టారు. నేను నోటికొచ్చినట్టు ఉంగరం సంగతి కూడా చెప్పేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. గోడ అవతల పక్కింటావిడ కూడా నిశ్శబ్దం. నీకేమైందోనని నాకు భయంగా ఉంది, వెంటనే రాయి.

మంచం కింద ఫ్రేము బయటికి తీసి తుడిచాను. నా దిండు కింద ఉన్న తల బొమ్మను ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీకూ ఒకటి ఇచ్చి ఉంటారు కదా. రెండింటికీ కలిపి ఒక ఫ్రేము కట్టు. మూలలు నువ్వే కొయ్యాలి.

నీ చెల్లి


జూలై 8

చెల్లీ,

బాబు. ఫోన్లో నువ్వు ఉంగరం సంగతి పేల్చిన మూడో రోజునే వచ్చేశాడు, ఆగలేక. గొంతు నాది, తీరుబడి వాళ్ళ నాన్నది.

ఉంగరం గురించి కదా నీ భయం. ఆ రోజు ఫోన్ పెట్టేశాక అత్తగారు నా వేలి గుడ్డ విప్పారు. గాటు చూశారు. ముక్కలేవన్నారు, తెచ్చి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "ఈ కోడళ్ళతో నేను వేగలేను" అన్నారు. ఆ పూట నాకు తనే అన్నం కలిపి ముద్దలు పెట్టారు. ముక్కలు ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాయి, ఏం చేస్తారో అడిగే ధైర్యం నాకు లేదు. నీకుంటే ఫోన్ చేసి అడుగు, అందరం వింటాం.

కొట్టుకు వెళ్ళనివ్వడం లేదు. మంచం మీదికే పట్టీలూ రంపమూ తెప్పించుకున్నాను. రెండు కిటికీల ఫ్రేము కట్టాను. ఒక దాంట్లో నీ పాప తల, ఒక దాంట్లో నా బాబు తల. గాజు తుడిచి బిగించి ఎదురుగా పెట్టుకుని చూస్తే చిక్కు వచ్చింది. ఏది ఎవరిదో తెలియడం లేదు. అటు నీదా, ఇటు నీదా? అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇద్దరూ మీ మామగారే" అన్నారు. మీ బావగారు వెలుతురులోకి తీసుకెళ్ళి చూశారు, ఆయనకూ తెలియలేదు. డాక్టరమ్మకు తెలుస్తుంది, ఆమె కొలుచుకోవాలి, కొలుచుకోనీ. నేను ఇన్నేళ్ళుగా ఫ్రేములు కడుతున్నాను, నాకు కనిపించలేదు.

తర్వాత గొడవ లేకుండా వెనకవైపు ఎవరిది ఏదో రాసిపెట్టమని మీ బావగారు పెన్సిల్ ఇచ్చారు.

రాయలేదు. పాపను తీసుకుని రా, తగిలించడానికి గోడ చూసి పెట్టాను.

అక్క